లంకలో ఉంటూ తాగుడు మానే వైద్యం చేయించుకోవడం ఎలా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

గట్టుమీద అక్క
ఆగస్టు 6, రాత్రి 11:40

అందరికీ నమస్కారమండి. మా పుట్టిల్లు గోదావరి గౌతమి పాయ పక్కన ఒక లంక, అంటే చుట్టూ నీళ్ళుండే ఊరు. నేను పెళ్ళయి ముమ్మిడివరం దగ్గర ఉంటున్నాను. అమ్మ, తమ్ముడు లంకలోనే ఉంటారు. వాడికి 34 ఏళ్ళు, కొబ్బరి దింపు పని.

వాడు చెట్టెక్కుతుంటే ఒకప్పుడు జనం ఆగి చూసేవారు, అంత చులాగ్గా ఎక్కేవాడు. ఇప్పుడు పొద్దున లేవగానే క్వార్టర్ పడితే గానీ చేతులు నిలబడవు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం లుంగీ మీదే పడుతుంది. తాగకుండా ఎక్కితే పట్టు తప్పుతుందని తాగి ఎక్కుతున్నాడు. అమ్మ చెట్టు కింద కూర్చుని, వాడు దిగేదాకా కళ్ళు మూసుకునే ఉంటుంది.

పోయిన శనివారం వాడపల్లి వెంకన్న దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు. ఏడు వారాలు తిరుగుతాను, ఇక ముట్టను అన్నాడు. మేం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. ఆదివారం రాత్రంతా చెమటలు, వాంతులు. సోమవారం సాయంత్రం నోట్లో నురగ వచ్చి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. మంగళవారం గోడ మీద చీమలు పాకుతున్నాయని తువాలుతో దులుపుతూ కూర్చున్నాడు. గోడ మీద ఏమీ లేదండి. ఊళ్ళో ఆర్‌.ఎం.పి. గారు సెలైన్ పెట్టారు, తగ్గలేదు. చివరికి పెదనాన్న గారబ్బాయి ఒక క్వార్టర్ తెచ్చి పోస్తే గంటలో సర్దుకున్నాడు.

ఇప్పుడు ఊరంతా ఒకటే మాట. వాడి ఒంటికి అది అలవాటైపోయింది, మాన్పిస్తే పోతాడు, రోజూ కొంచెం పోసి ఊరుకోండి అని. వాడేమో నాకు ఫోన్ చేసి "అక్కా, నాకు మానాలనే ఉంది, మానితే చచ్చిపోతానేమో" అని ఏడ్చాడు.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఎన్నాళ్ళుండాలి? గోదావరి పెరుగుతోంది, కాజ్‌వే మీదికి నీళ్ళొస్తే పడవే దిక్కు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.


వార్డు సిస్టర్
ఆగస్టు 7, ఉదయం 5:55

అక్కా, నైట్ డ్యూటీ దిగి మీ పోస్టు చూశాను. చాలా ఏళ్ళు మానసిక వైద్య విభాగంలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. మీ తమ్ముడు ఒట్టు నిలబెట్టుకోవాలనే చూశాడు. వాడి మెదడు తట్టుకోలేకపోయింది.

ఏళ్ళ తరబడి రోజూ తాగితే మందు మెదడుని మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం తానే పెంచుకుంటుంది. ఒక్కసారిగా మానేస్తే ఆ వేగానికి అడ్డు ఉండదు. ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ రావచ్చు. దాన్నే డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు. వైద్యం లేకుండా వదిలేస్తే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మీ ఊరివాళ్ళు భయపడటంలో తప్పు లేదు. కానీ రోజూ పోస్తూ ఉండటం దానికి మందు కాదు.

ఆసుపత్రిలో చేసేది ఇది. క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ లోరాజెపామ్ గానీ మొదట తగినంత ఇచ్చి, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. దాంతో మెదడు కుదుటపడుతుంది. ఆ మాత్రలు ఎవరో చెప్పారని షాపులో కొని ఇంట్లో వేయకండి. వాటి మీద తాగితే ఊపిరి మందగిస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా ముందే గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, చూపు చెదరడం, జ్ఞాపకం పోవడం దాకా వెళ్తుంది. ఈసారి ఎవరు సెలైన్ పెట్టబోయినా "ఈయన రోజూ తాగుతాడండి, థయమిన్ ఇచ్చారా" అని అడగండి. అడిగితే కోప్పడరు.

ఆసుపత్రికి చేరేదాకా తనంతట తాను ఒక్కసారిగా మానకూడదు. చెట్టెక్కనివ్వకండి, ఒంటరిగా వదలకండి. మళ్ళీ ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం ఏమీ లేదు, ఆ సమయంలో 108కి ఫోన్ చేయండి. అత్యవసరమైతే ముందు అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. చేర్చుకుని వైద్యం చేయాలంటే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, అదే రంగరాయ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, అందులో మానసిక విభాగం ఉంది. రాజమండ్రి, ఏలూరుల్లో 2023లో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మీకు అటు దారి దగ్గరైతే వాటి ఆసుపత్రుల్లో కనుక్కోండి.

ఈలోగా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. తమ్ముడి చేతే మాట్లాడించండి.


కొబ్బరితోట
ఆగస్టు 7, ఉదయం 8:20

అంత దూరం ఎందుకండి. మా వైపు పసరు పోసే ఆయన ఉన్నారు. మూడు ఆదివారాలు పోస్తే చాలు, వాసన కూడా పడదు. మా బావమరిది మానేశాడు. ఇష్టం లేనివాళ్ళకి కూరలో కలిపి పెట్టే పొడి కూడా ఇస్తారు.


పాలకొల్లు పిన్ని
ఆగస్టు 7, ఉదయం 9:05

కొబ్బరితోట గారూ, మీరు మంచికే చెప్పారు. కానీ ఆ కూరలో కలిపే పని నేను చేశాను, అందుకే చెబుతున్నాను, ఎవరూ చేయకండి.

నాకు ఇచ్చింది డైసల్ఫిరామ్ మాత్ర అని తర్వాత తెలిసింది. పొడి చేసి మజ్జిగపులుసులో కలిపాను. ఆయనకి తెలియదు కదా, సాయంత్రం ఎప్పటిలాగే బెల్టు షాపుకి వెళ్ళారు. అక్కడే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి కూలిపోయారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే అంతే. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "ఇది మంచి మందే అమ్మా, కానీ వేసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, గుండె, లివర్ పరీక్షలు చేశాకే ఇవ్వాలి" అన్నారు. ఆయన బతికారు. నా చేతి అన్నం తినడానికి మాత్రం ఏడాది పట్టింది. నేను కూర వడ్డిస్తే ముందు నా మొహం చూసేవారు.

పసరులో ఏముందో పోసేవాడికే తెలియదు. తాగి తాగి ఉన్న లివర్ మీద అది ఇంకో భారం.


రేవు మనిషి
ఆగస్టు 7, మధ్యాహ్నం 2:30

చెల్లెమ్మా, మాది సఖినేటిపల్లి వైపు. తాగి ఆరేళ్ళయింది. అంతకుముందు పదమూడేళ్ళు తాగాను. మందుల సంగతి సిస్టర్ గారు చెప్పారు, నేను దారి సంగతి చెబుతాను. ఎందుకంటే నా వైద్యం రెండుసార్లు దారిలోనే ఆగిపోయింది.

మొదటిసారి ఒక్కణ్ణే కాకినాడ బయల్దేరాను. రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి ఒంట్లో వణుకు మొదలైంది. వంతెన దిగితే యానాం. అది పుదుచ్చేరి పరిధి, మందు చవక, బస్సు ఆగేచోటి నుంచే బోర్డులు కనిపిస్తాయి. ఒక్కటి వేసుకుని తర్వాత బస్సు ఎక్కుదాం అని దిగాను. ఆ రోజు నేను కాకినాడ చేరలేదు. ఓపీ చీటీ కోసమని జేబులో పెట్టుకున్న ఆధార్ కార్డు కూడా పోగొట్టుకుని రాత్రికి ఇంటికొచ్చాను.

రెండోసారి మా ఆవిడ వచ్చింది. చేరాను, తొమ్మిది రోజులున్నాను, బాగయ్యాను. మందు ఒంట్లోంచి పోయింది, వణుకు పోయింది, ఇక నయమైపోయిందనుకున్నాను. పదిహేను రోజులకి రమ్మన్నారు. చార్జీలు, రోజు కూలీ పోతాయని ఆ నెల మానేశాను. సంక్రాంతి వచ్చింది, కోడిపందాల బరి దగ్గర ఒక గ్లాసు చేతికిచ్చారు. మళ్ళీ మొదటికొచ్చింది.

మూడోసారి అదే డాక్టరుగారు. తిట్టలేదు. "మళ్ళీ వచ్చావు, అది చాలు" అని నాల్ట్రెక్సోన్ రాశారు. తాగాలనే లాగుడు దాంతో తగ్గింది. ఈసారి ప్రతి తేదీకీ మా ఆవిడో బావో పక్కన ఉండేవారు. బస్సులో నన్ను కిటికీ పక్క కూర్చోబెట్టి తను ఇటు కూర్చునేది. దిగాలంటే ఆవిణ్ణి దాటాలి. చిన్న సంగతిలా ఉంటుంది గానీ నన్ను యానాం దాటించింది ఆ సీటే.

అందుకని చెల్లెమ్మా, చేర్చే రోజొకటే చూసుకోవద్దు. తర్వాత ఆరు నెలలకి ఎవరెవరు వెంట వెళ్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.


బడిపంతులు
ఆగస్టు 7, సాయంత్రం 6:10

నాకు 70 దాటాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం మా ఊళ్ళో బడి గోడల దాకా వచ్చింది. 1993లో సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం, 1997లో ఎత్తేశారు. నిషేధం వచ్చిన వారం నాకు బాగా గుర్తు. మా వీధిలో ఒక పెద్దాయన, మంచి రైతు, ఇలాగే ఫిట్స్ వచ్చి మూడో రోజు పోయారు. దయ్యం పట్టిందన్నాం. ఆ ఉద్యమం అంటే ఇప్పటికీ నాకు గౌరవమే. కానీ దుకాణం మూయించడం దగ్గరే ఆగిపోయాం, మానేవాడి పక్కన ఒక డాక్టరు ఉండాలని ఒక్కరికీ తోచలేదు. సిస్టర్ గారు రాసింది చదివాక ఆయన ఎలా పోయారో ముప్పై ఏళ్ళకి అర్థమైంది.


కువైట్ నుంచి
ఆగస్టు 8, రాత్రి 1:15

అక్కా, నేను ఇక్కడ ఇళ్ళల్లో పనిచేస్తున్నాను. మన కోనసీమ నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమి, మాలో సగం మంది పంపే డబ్బుకి ఇంటి దగ్గర ఇదే గతి. మా ఆయన్ని మూడు నెలల ప్యాకేజీ అని ఒక ప్రైవేటు కేంద్రంలో పెట్టించాను. మొదటి నెల ఫోన్ ఇవ్వం, అది రూలు అన్నారు. రెండో నెలలో మా మరిది గోల చేసి లోపలికి వెళ్తే, కాలికి గొలుసు వేసి ఉంది. డాక్టరు అక్కడికి వచ్చిన దాఖలాయే లేదు. ఐదు నెలల జీతం అండి అది.

డబ్బు కట్టేముందు ఇవి అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద రిజిస్టర్ అయిందా, ఆ కాగితం చూపించండి అనాలి. మానసిక వైద్యుడు ఎన్ని రోజులకోసారి వస్తారు, మొదటి వారం రాత్రిపూట ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఇంటివాళ్ళు ఎప్పుడు కలవొచ్చు. గొలుసు వేయడం ఆ చట్టం ప్రకారమే నిషేధం. లోపలికి రానివ్వమంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. మంచి కేంద్రాలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సాయంతో సంస్థలు నడిపేవాటిలో ఉచితంగా చూస్తారు. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏది ఉందో చెబుతారు. నాకు ఆ నంబరు అప్పుడు తెలియదు.


ఒక తండ్రి
ఆగస్టు 8, ఉదయం 7:45

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మావాడు డిగ్రీ రెండో సంవత్సరం, గంజాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని మా ఆవిడ వద్దంటోంది. రాత్రిళ్ళు నిద్రపోడు, తలుపు వేసుకుని ఉంటాడు.


వార్డు సిస్టర్
ఆగస్టు 8, మధ్యాహ్నం 1:00

అన్నయ్యగారూ, వైద్యం కోసం వచ్చినవాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ల బాధ్యత. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం గానీ చిన్న మొత్తం గానీ అయి, తానుగా వైద్యానికి వచ్చిన బానిసకి విచారణ నుంచి రక్షణ ఇవ్వడానికే అది పెట్టారు. 1972 అనే ఫోన్ నంబరు మత్తుమందుల మీద ఫిర్యాదులకి, మీకు కావలసింది 14446. గంజాయి మానితే మందు మానినట్టు ఫిట్స్ సాధారణంగా రావు గానీ నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, చిరాకు ఎక్కువ. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, ఎవరో చంపేస్తారన్నా ఆ రోజే తీసుకెళ్ళండి. తలుపుకి లోపలి వైపు గడియ తీసేయించండి.


ఆశా అక్క
ఆగస్టు 8, రాత్రి 9:30

నేను ఆశా కార్యకర్తని. మా విలేజ్ క్లినిక్‌లో ఈ–సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ఏర్పాటు ఉంది, చాలామందికి తెలియదు. డిశ్చార్జి చీటీ మీ ఊరి ఏ.ఎన్‌.ఎం. గారికి తప్పకుండా చూపించండి. బీపీ, మందులు వేసుకుంటున్నాడా లేదా అన్నవి ఆవిడ చూస్తూ ఉంటారు.

ఒక మాట చెప్పాలి. నేను ఏ ఇంటికి వెళ్ళి అడిగినా "మావాడికి అంత అలవాటు లేదు" అంటారు. పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారని ఊరు అంటుందేమోనని భయం. పెళ్ళి కావలసిన చెల్లెళ్ళుంటే మరీను. మీరు ఇక్కడ రాశారు కదా అక్కా, దానికే నాకు ఏడుపొచ్చింది.


గట్టుమీద అక్క
ఆగస్టు 13, సాయంత్రం 4:20

కాకినాడ వార్డు నుంచి రాస్తున్నాను. తొమ్మిదో తారీఖు రాత్రి 14416కి ఫోన్ చేశాం. తమ్ముడు అరటితోటలోకి వెళ్ళి అరగంట మాట్లాడాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు, వచ్చి "పొద్దున్నే వెళ్దాం అక్కా" అన్నాడు. తెల్లారేసరికి కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్ళు. పడవలో దాటించాం. అమ్మ, నేను, మావారు, వాడు. రేవు మనిషి అన్నయ్యా, యానాంలో బస్సు ఆగితే వాడు కళ్ళు మూసుకుని ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. నేను పక్కన అడ్డంగా కూర్చున్నాను. మళ్ళీ బస్సు కదిలేదాకా ఊపిరి తీసుకోలేదు.

చేర్చుకున్నారు. మంచం పక్కన ఎప్పుడూ ఒకరు ఉండాలన్నారు, అమ్మ కింద చాప వేసుకుంది. మొదట థయమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు, నేను అడగబోతే సిస్టరే చూపించింది. రెండు రాత్రులు కష్టమైంది. ఫిట్స్ మాత్రం రాలేదు. ఈరోజు టీ ఒక్క చేత్తో తాగాడు. అమ్మ ఆ గ్లాసు కడిగి కొంగుతో తుడిచి సంచిలో దాచుకుంది.


రేవు మనిషి
ఆగస్టు 13, రాత్రి 8:00

చాలా సంతోషం చెల్లెమ్మా. ఇప్పుడు పని సంగతి. మాత్రలకి మగతగా ఉంటుంది, చెట్టెక్కడం ఎప్పటినుంచో డాక్టరుగారినే అడగండి. ఈలోగా నేల మీద పని, కాయ ఒలుపో రాశి దగ్గర లెక్కో ఇప్పించమని తోట షావుకారుని మీ ఆయన అడగాలి, వాడు అడగలేడు. కూలీ డబ్బులు అమ్మ ఫోన్‌కి వేయించండి. సాయంత్రం చేతిలో డబ్బు పడితే కాళ్ళు ఎటు వెళ్తాయో నాకు తెలుసు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ మీటింగులు దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో వార్డులో అడగండి, రుసుము ఉండదు. నాకు మా ఆవిడకి కూడా చెప్పలేని మాటలు అక్కడ చెప్పుకోవడానికి వీలైంది.


గట్టుమీద అక్క
అక్టోబరు 5, రాత్రి 10:10

నిజం చెప్పాలని వచ్చానండి. దసరా రోజు తాగాడు. యాభై రోజులపైన నిలబడి, స్నేహితులు బలవంతం చేస్తే తాగాడు. ఒలుపు పని బాగానే చేసుకుంటున్నాడు, ఒళ్ళు కూడా వచ్చింది. ఆ రాత్రి ఇంటికి రాలేదు, గట్టు మీద పడుకున్నాడు. పొద్దున అమ్మ వెళ్ళి లేపితే "ఇక నన్ను వదిలేయండి" అన్నాడట.

ముందు నేనూ అదే అనుకున్నాను. తర్వాత అన్నయ్య రాసింది మళ్ళీ చదివాను. వార్డుకి ఫోన్ చేశాను. దాచకుండా చెప్పింది మంచిదైంది, బుధవారం ఓపీకి తీసుకురండి, మందు మార్చి చూద్దాం అన్నారు. వాడు వస్తానన్నాడు. ఇబ్బంది ఏమిటంటే బుధవారం మావారికి చెరువులో రొయ్యల పట్టుబడి, నాకు పాపకి జ్వరం. అమ్మ ఒక్కతే వాణ్ణి ఆపలేదు. ఎవరైనా అటు వెళ్ళేవాళ్ళున్నారా?


రేవు మనిషి
అక్టోబరు 5, రాత్రి 10:25

నేను వెళ్తాను చెల్లెమ్మా. రాజోలులో మొదటి బస్సు ఎక్కుతాను. ముమ్మిడివరంలో ఆగగానే కిందికి దిగి నిలబడతాను, భుజం మీద ఎర్ర తువాలు ఉంటుంది. డిశ్చార్జి చీటీ, ఆధార్ కార్డు, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు కవర్లో పెట్టి పంపండి. కిటికీ సీటు వాడికి ఉంచుతాను.